గడ్డి మీద ఊదిన కొమ్ము

శనివారం పొద్దున యుద్ధం ఉందని వెర్లీన్ సిస్టర్ ఫోనులో చెప్పింది. ఎవరింటి మీదికో మాత్రం చెప్పలేదు. జోడీ ఎప్పటిలాగే ఆకుపచ్చ మచ్చల సైనికుల చొక్కా తొడుక్కుని, జుట్టు బిగించి కట్టుకుని, ఎవరో ఒకరు కారులో వచ్చి ఎక్కించుకుంటారని మెట్ల మీద కూర్చుంది. తీరా చూస్తే ఒక కారు కాదు, వరసగా అన్ని కార్లూ వచ్చి తన రేకుల ట్రైలరింటి ముందే ఆగాయి.

"అందరూ ఇక్కడికొచ్చారేంటి?" అంది జోడీ లేచి.

"దయ్యం ఇక్కడుంటే ఇంకెక్కడికి వెళ్ళమంటావే తల్లీ?" అని వెర్లీన్ కారు తలుపు ధడాలున వేసింది.

ఓక్లహోమాలోని ఆ ఊళ్ళో, ఆ చర్చిలో, మగవాళ్ళకొక సేన, ఆడవాళ్ళకొక సేన. మగవాళ్ళు అడవిలో గుడారాలు వేసుకుని, గొడ్డళ్ళు విసిరి, మాంసం కాల్చుకుని తిని, నిప్పు చుట్టూ కూర్చుని కాసేపు ఏడ్చి ఇళ్ళకొస్తారు. ఆడవాళ్ళది ఫోను యుద్ధం. దాని పేరు కావలి సేన, దాని నాయకురాలు వెర్లీన్. తెల్లవారుజామున అందరూ ఒకే లైనులోకి వచ్చి, శిరస్త్రాణం పెట్టుకుంటున్నాను, డాలు పట్టుకుంటున్నాను అని ఒక్కొక్కరే చెప్పి, నిజంగానే చేతులతో తలకి, ఛాతీకి, నడుముకి కవచం తొడుక్కున్నట్టు చేసి, ఆ తర్వాత సాతాను మీద విరుచుకుపడతారు. బళ్ళో చదివినన్నాళ్ళూ నోరు తెరవని జోడీ, కడుపొచ్చి ఆ చదువూ మధ్యలో మానేసిన జోడీ, ఈ సేనలో చేరాక అందరికంటే గట్టిగా అరవడం నేర్చుకుంది. 'సింహం గొంతు' అని వెర్లీన్ నలుగురిలో మెచ్చుకున్న రోజు ఆ అమ్మాయి అన్నం తినడం కూడా మరిచిపోయింది.

కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చే ఆమె మొగుడు రాయ్స్‌కి మాత్రం ఆ గొంతంటే ఒళ్ళు మంట. "నీ అరుపులకి దయ్యం పోతుందో లేదో గాని, నా నిద్ర మాత్రం ఎప్పుడో పోయింది," అనేవాడు దుప్పటి మొహం మీదికి లాక్కుంటూ.

వాళ్ళ కూతురు హేజెల్‌కి మూడేళ్ళు నిండబోతున్నాయి. ఇంతవరకూ ఒక్క మాట లేదు. పిల్లలకు మాటలు నేర్పడానికి కౌంటీ ఆఫీసు నుంచి వచ్చే ఆవిడ రెండుసార్లు చూసి, ముందు చెవులు పరీక్ష చేయించమంది. జోడీకి కోపం వచ్చింది. "చెవులకేం? నేను గదిలో అడుగు పెట్టానంటే చాలు, తిరిగి చూస్తుంది," అంది. అది నిజమే. ఇంట్లో ఎవరు ఎటు నుంచి వచ్చినా పిల్ల తల తిప్పేది. అందుకే వెర్లీన్ ఇది నోరు కట్టేసిన ఆత్మ పని అన్నప్పుడు జోడీకి సరిగ్గా సరిపోయిందనిపించింది. రాయ్స్ పట్టుబట్టి చెవుల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకున్నాడు. "ఆ డాక్టరు మాట వినడానికి వెళ్ళావంటే సాతాను రిపోర్టుకి నువ్వు ఆమెన్ చెప్పినట్టే," అంది వెర్లీన్. జోడీ ఎవరికీ చెప్పకుండా ఫోను చేసి వద్దనేసింది. మొగుడితో మాత్రం ఆసుపత్రివాళ్ళే వాయిదా వేశారంది.

ఇప్పుడు ఆ సేనంతా తన ముంగిట్లో దిగుతోంది.

"సిస్టర్, రాయ్స్ ఇప్పుడే పడుకున్నాడు. ఇంకో రోజు పెట్టుకుందాం," అంది జోడీ గొంతు తగ్గించి.

"లేస్తే లేవనీ. అతని మీదా ఒకటి కూర్చునుంది."

"పిల్ల భయపడుతుంది."

"పిల్ల కాదు, పిల్లలో ఉన్నది భయపడాలి." వెర్లీన్ ఆమెను ఎగాదిగా చూసింది. "నిరుడు ఆ విడాకులావిడ ఇంటి చుట్టూ తిరిగినప్పుడు ముందు వరసలో నడిచావే, గుర్తుందా? ఊరోళ్ళ ఇళ్ళయితే సింహం, సొంతిల్లయితే పిల్లివా?"

కార్లు దిగుతున్న ఆడవాళ్ళు నవ్వారు. జోడీ మెట్లు దిగి వాళ్ళ వెనక నిలబడింది.

యెరికో నడక అంటే సేనలో అందరికీ తెలిసిందే, బైబిల్లో యెరికో కోట గోడలు కూల్చినట్టు ఇంటి చుట్టూ ఏడు చుట్లు తిరగడం. ఆరు చుట్లు నోరు మెదపకూడదు. ఏడో చుట్టులో పొట్టేలు కొమ్ము ఊది కేకలు పెట్టాలి. ట్రైలరింటి చుట్టూ బూట్లు గడ్డిని తొక్కుకుంటూ తిరిగాయి. కంచె పక్కన గడ్డిలో హేజెల్ కూర్చుని ప్లాస్టిక్ గ్లాసులో గులకరాళ్ళు వేసుకుంటోంది. వాళ్ళు ఎదురుగా వచ్చినప్పుడు చూసి నవ్వింది. వెనక్కి వెళ్ళగానే మళ్ళీ రాళ్ళ మీద పడింది. నడుస్తున్నంతసేపూ జోడీ కిటికీ వంకే చూసింది, రాయ్స్ లేచాడేమోనని.

ఏడో చుట్టు మధ్యలో వెర్లీన్ చెయ్యెత్తి అందరినీ ఆపింది. "ఓపల్, నువ్వెళ్ళి పిల్ల వెనకాల నిలబడి ఊదు. అది వీపులోంచి బయటికి పోవాలి."

ముసలి ఓపల్ కొమ్ము తడుముకుంది. "మరీ అంత దగ్గరా? పిల్ల దడుచుకుంటుందేమో వెర్లీన్."

"ఊదమంటే ఊదు!"

ఓపల్ బుగ్గలు పొంగించి ఊదింది. పక్కింటి కుక్క తోక ముడుచుకుని ట్రక్కు కిందికి దూరింది. వరసలో ఉన్న కార్లీ చంకలో నిద్రపోతున్న పసివాడు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చాడు. తీగ మీది కాకులన్నీ లేచిపోయాయి.

హేజెల్ గ్లాసులో ఇంకో రాయి వేసింది.

"మళ్ళీ!" అంది వెర్లీన్. ఓపల్ మళ్ళీ ఊదింది. పిల్ల మెడ కూడా తిప్పలేదు.

"చూశారా దాని పొగరు! లెక్కచెయ్యట్లేదు! మొండిది, మహా మొండిది! అరవండి!"

అందరూ ఒక్కసారిగా కేకలు మొదలుపెట్టారు. పో, బయటికి పో, యేసు నామంలో పో అంటూ చేతులు చాచి పిల్ల వీపు మీదికి వంగారు. జోడీ కూడా చెయ్యి చాచింది. నోరు తెరిచింది. కాని అరవలేదు. కార్లీ పసివాడి ఎర్రబడ్డ మొహం వంక, తన కూతురి కదలని మెడ వంక మార్చి మార్చి చూసింది. తర్వాత గడ్డి మీద మెల్లగా నడిచి పిల్ల వెనక్కి వెళ్ళి, "హేజెల్," అంది. మళ్ళీ గట్టిగా, "హేజెల్!" అంది. సింహం గొంతుతోనే అంది. పిల్ల తిరగలేదు.

ఇంట్లో నేలంతా పల్చటి చెక్క. ఒక మూల పిల్లి దూకితే ఇంకో మూల గిన్నెలు గలగలమంటాయి. ఇన్నాళ్ళూ ఆ నేల కాళ్ళ కింద అదిరితే పిల్ల తిరిగి చూసేది, జోడీ ఏమో తన అలికిడి విని తిరిగిందనుకుంది. ఇక్కడ గడ్డి అదరదు.

జోడీ గుంపు వైపు తిరిగింది.

"ఆపండి," అంది. ఎవరూ వినలేదు. "ఆపండంటున్నా! దానికి చెవులు వినపడట్లేదు!"

వెర్లీన్ వెనక్కి తిరిగింది. "ఏంటే?"

"కొమ్ము వినపడలేదు సిస్టర్. మొండితనం కాదు. అసలు వినపడనే లేదు."

"అదిగో, ఇప్పుడు నీ నోటితో మాట్లాడుతోంది అది. గెలిచే వేళకే వస్తాయి ఈ సందేహాలు." వెర్లీన్ చేతికి ప్రార్థన నూనె రాసుకుని, వెనకనుంచే వంగి పిల్ల గడ్డం పట్టి పైకి లాగింది. ఎవరు వచ్చారో, ఎటు నుంచి వచ్చారో తెలియని హేజెల్ ఒక్కసారి అదిరిపడి, గ్లాసు వదిలేసి, గొంతు చీలిపోయేలా ఏడ్చింది.

"చూశారా! కదిలింది! కదిలింది!"

జోడీ ఆ చేతిని విసిరికొట్టింది. నూనె వెర్లీన్ చొక్కా మీద చిమ్మింది. "నా పిల్లని ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా."

"నన్నా? నన్ను నువ్వు అంటావా? నీకు నాలుగు మాటలు నేర్పిందే నేను!"

"నువ్వే నేర్పావు. అందుకే నీకే అంటున్నా."

ఓపల్ ఏమీ తోచక మళ్ళీ కొమ్ము పెదాల దగ్గరికి తీసుకుంది. జోడీ దాన్ని లాక్కుని ట్రైలరు కప్పు మీదికి విసిరేసింది. కొమ్ము రేకు మీద దొర్లుకుంటూ పోయి పొగగొట్టం దగ్గర ఆగింది.

"అయ్యో, అది మా ఆయన యెరూషలేము నుంచి తెచ్చింది!" అంది ఓపల్ ఏడుపు గొంతుతో.

తలుపు తెరుచుకుంది. నిక్కరు మీద రాయ్స్ నిలబడి ఉన్నాడు, కళ్ళు చింతనిప్పుల్లా. "నా కప్పు మీద ఎవడు వేశాడే రాయి?"

"రాయి కాదు, పొట్టేలు కొమ్ము," అంది కార్లీ పసివాడిని ఊపుతూ.

"నా కొంపలో సర్కసు పెట్టడానికి మీకెవరు చెప్పారు? అందరూ నడవండి, నడవండి!"

వెర్లీన్ కదల్లేదు. జోడీ మొహంలోకి వేలు పెట్టి, "ఏడో చుట్టు సగంలో ఆపించావు. ఒక దయ్యం పోయే చోట ఏడు దయ్యాలొస్తాయి. ఇక ఈ పిల్లకి ఏం జరిగినా నీదే పూచీ. మా ప్రార్థనల గొడుగు నీ మీద లేదు. రేపటి నుంచి ఫోను లైనులోకి రాకు," అంది.

ఆ మాటలు అబద్ధమని జోడీ అప్పటికింకా నమ్మలేదు. ఏడు వస్తాయేమో, నిజంగానే వస్తాయేమో. అయినా పిల్లని ఎత్తుకుని కంచె తలుపు తీసి పట్టుకుంది. "వెళ్ళండి," అంది. ఒక్కొక్కరే ఆమె మొహం చూడకుండా దాటారు. కార్లీ మాత్రం దాటుతూ, "మావాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు," అంది తనలో తాను అనుకుంటున్నట్టు.

రాయ్స్ మెట్ల మీదే ఉన్నాడు. "వినపడదని ఇప్పుడు అరిచింది నువ్వేనా?"

"నేనే." జోడీ పిల్ల జుట్టులోంచి గడ్డిపరకలు తీస్తూ, "ఆసుపత్రివాళ్ళు వాయిదా వెయ్యలేదు. నేనే వద్దన్నా," అంది.

అతను తలుపుకి ఆనుకుని పిల్ల వంకే చూశాడు. తిట్టినా బాగుండుననిపించింది జోడీకి.

"సోమవారం తెరుస్తారు," అన్నాడు చివరికి. "నువ్వే చెయ్యి ఫోను. పెద్ద గొంతు కదా." లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గొళ్ళెం పెట్టిన చప్పుడు కూడా వినిపించింది.

జోడీ పిల్లని గడ్డిలో దించి, వెనకనుంచి కాక చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా కూర్చుంది. హేజెల్ ఎక్కిళ్ళు పడుతూ తల్లి నోటి వంక చూసింది. ఏం చెప్పాలో తెలియక జోడీ ఒలికిపోయిన గులకరాళ్ళు ఏరి గ్లాసులో వెయ్యసాగింది.

అప్పుడే వీధి మలుపులో హారన్లు మోగాయి. మిగిలిన సగం చుట్టును సేన కార్లలో పూర్తి చేస్తోంది. కార్లన్నీ హారన్లు కొట్టుకుంటూ ఇంటి ముందు నుంచి నెమ్మదిగా కదిలాయి. అన్నిటికంటే ముందు వెర్లీన్, కిటికీలోంచి ఇంటి మీదికి చెయ్యి చాచి, పెదాలు గబగబా కదిలిస్తూ.

హేజెల్ ఆ చాచిన చెయ్యి చూసింది. తనకే ఊపుతున్నారనుకుని, ఏడుపు మానేసి నవ్వి, తన చెయ్యెత్తి ఊపింది.

జోడీ ఆ చిన్న చేతిని పట్టుకుని కిందికి దించింది.