మూఢంలో జీతం

యోబుకి వ్యాపారం తెలియదని అనడానికి ఏలూరులో ఎవరికీ నోరు రాదు. చర్చిలో మైకులు సర్దే పనితో మొదలుపెట్టి, పన్నెండేళ్లు ఒళ్లు వంచి, పెళ్లి ఊరేగింపులకి డీజే పెట్టే దాకా వచ్చాడు. బాక్సులు మోశాడు, వైర్లు చుట్టాడు, పెళ్లికొడుకు స్నేహితులు తూలుతూ మిక్సర్ మీద పడబోతే నవ్వుతూనే పక్కకి జరిపాడు. అతనికి తెలియనిది ఒక్కటే. అది తెలియకపోవడానికి తెలివితక్కువవాడు కానక్కర్లేదు, క్రైస్తవుడైతే చాలు.

అతన్ని చిక్కులోకి దింపింది మనుషుల కొరత. ఈవెంటుకి ఇంత అని ఇచ్చే చోట పనివాళ్లు నిలవరు. ఎవరో వంద ఎక్కువిస్తామంటే అటు పోతారు. కొల్లేరు పక్క చెరువుల్లో చేపల పట్టుబడి మొదలైందంటే ఫోనే ఎత్తరు. పోయిన వేసవిలో గణపవరం పెళ్లికి ఆపరేటర్ రాలేదు. యోబు తనే మిక్సర్ దగ్గర కూర్చున్నాడు, దాంతో జనరేటర్ దగ్గర మనిషి లేకుండా పోయాడు, ఊరేగింపు నడివీధిలో ఉండగా పాట రెండుసార్లు ఆగిపోయింది. పెళ్లికూతురి మేనమామ అందరి ముందూ కడిగేశాడు. మనుషుల్లేనివాడివి ఒప్పుకోవడం దేనికయ్యా అన్నాడు. ఆ మాటతో యోబుకి నాలుగు రోజులు అన్నం సహించలేదు.

వానలు వెనకబట్టాక ఫైనాన్సులో రెండో సెట్టు కొన్నాడు. నలుగురిని నెల జీతానికి పెట్టుకుంటానన్నాడు. అతని భార్య క్రిస్టినా ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమె చేతే కంప్యూటర్లో కాగితాలు కొట్టించాడు. ప్రతి నెలా ఒకటో తారీకున జీతం, పని ఉన్నా లేకపోయినా. చివరి ముక్క దగ్గర క్రిస్టినా ఆగి, పని లేకపోతే ఎక్కణ్ణించి ఇస్తారండీ అని అడిగింది. యోబు డైరీలో నవంబరు పేజీలు తిప్పి చూపించాడు. మొదటి మూడు వారాల్లో ఒక్క పేజీలోనూ ఖాళీ లేదు. డైరీ ఇలా నిండిపోతుంటే ఈ అనుమానాలేమిటని విసుక్కున్నాడు కూడా.

ఆ నలుగురిలో పెద్దవాడు వీరాస్వామి. కొల్లేటి లంకలో పుట్టినవాడు, అరవైకి దగ్గర పడ్డాడు. మొదటి రెండు బాక్సుల రోజుల నుంచీ యోబుతోనే ఉన్నాడు. చెవి పెట్టి విని, ఏ బాక్సులో కాయిల్ పోయిందో చెప్పేస్తాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో దెందులూరు దగ్గర ప్రసాదరావు గారి చేపల చెరువుకి కాపలా కాసేవాడు. గట్టు మీద పాక, నెలకి చిన్న జీతం, కూరకి చేపలు. పెళ్లి ఉన్ననాడు భార్య సత్యవతి కాపలా ఉండేది. ఇప్పుడు యోబు అలా కుదరదన్నాడు. నెల జీతమంటే రోజూ డ్యూటీకి రావాలి, రెండు పడవల మీద కాళ్లు వద్దన్నాడు. వీరాస్వామి రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు వచ్చి "ఆయ్, అలాగేనండి" అన్నాడు. పాక ఖాళీ చేసి, ఏలూరు కాలవ పక్కన మేడ మీద ఒక గది అద్దెకి తీసుకున్నాడు.

నవంబరు మూడు వారాలు రెండు సెట్లూ తిరిగాయి. డిసెంబరు ఒకటిన నలుగురికీ జీతాలు చేతిలో పెడుతుంటే యోబు ఛాతీ ఉప్పొంగిపోయింది. ఆ తర్వాత ఫోను మోగలేదు.

మార్గశిరం మొదట్లోనే శుక్రమూఢం పట్టింది. మాఘ అమావాస్య దాకా ఒక్క ముహూర్తం లేదు. పెళ్లిళ్ల మాసమైన మాఘం మొత్తం అందులోనే పోయింది. ఈ సంగతి పంచాంగం అచ్చైనప్పటి నుంచీ పురోహితులకి తెలుసు, కల్యాణమండపాల వాళ్లకి తెలుసు, పూలదండలు కట్టేవాళ్లకీ తెలుసు. యోబు ఇంట్లో గోడకి చర్చి వాళ్లిచ్చిన క్యాలెండరుంది. దాంట్లో రోజుకో వాక్యం ఉంది గానీ మూఢం లేదు. డిసెంబరు పేజీలు ఖాళీగా ఉంటే, పిలుపులు ఆలస్యంగా వస్తాయిలే అనుకున్నాడు మహానుభావుడు.

అలాగని మూఢం అతనికి కొత్తదేమీ కాదు. అంతకుముందూ వచ్చేది, పోయేది. అప్పుడు యోబు బాక్సులకి గుడ్డ కప్పేసి ఇంట్లో పడుకునేవాడు. పస్తులు పనివాళ్ల ఇళ్లలో ఉండేవి. అవి ఎన్ని నెలలుండేవో అతను ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు. ఈసారి ఆ పస్తులన్నిటినీ సంతకం పెట్టి మరీ తన నెత్తికి ఎత్తుకున్నాడు.

జనవరిలో తమ చర్చివాళ్ల పెళ్లిళ్లు నాలుగొచ్చాయి. మన సంఘం వాళ్లమే కదా అని రెండు చోట్ల డీజిల్ ఖర్చులే ఇచ్చారు. క్రిస్టినా గాజులు తాకట్టు పెట్టి సగం జీతాలిచ్చాడు. ఫిబ్రవరిలో సగం కూడా లేదు. ఆపరేటర్ వీరేంద్ర ఏమీ అనుకోకండన్నా అంటూ తాడేపల్లిగూడెంలో సెల్ షాపులో చేరిపోయాడు. మిగతా ఇద్దరూ చెప్పకుండానే మానేశారు. వీరాస్వామి మాత్రం పొద్దున్నే తొమ్మిదికల్లా వచ్చేవాడు. బాక్సుల దుమ్ము తుడిచి, చుట్టిన వైర్లే విప్పి మళ్లీ చుట్టి, ఐదింటికి వెళ్లేవాడు. జీతం ఊసెత్తేవాడు కాదు. ఆయన తిడితే బాగుండునని యోబుకి అనిపించేది. తిట్టనందుకు లోపల్లోపల కుమిలిపోయేవాడు.

ఒకరోజు సిగ్గు చంపుకుని ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లి, కాపలా పని మళ్లీ వీరాస్వామికి ఇప్పించమని అడిగాడు. ఆయన కాఫీ ఇప్పించారు. పాకలోకి వేరే జంటని పెట్టుకున్నానని, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లని ఇప్పుడు లేచి పొమ్మనలేనని మెల్లగానే చెప్పారు.

ముహూర్తాలు ఇంకో పది రోజుల్లో ఉన్నాయనగా ఫైనాన్సు వాళ్లు ఇక ఆగేది లేదన్నారు. రెండు సెట్లూ తాడేపల్లిగూడెం ఆసామికి సగం ధరకే అమ్మేస్తే వాళ్ల బాకీ తీరింది, అంతే. వ్యాను వచ్చింది. ఎవరూ అడక్కుండానే వీరాస్వామి నడుం బిగించి బాక్సులన్నీ ఎక్కించాడు. ఏది అడుగున పెట్టాలో, ఏది గతుకుల్లో కదులుతుందో ఆ కొత్త మనుషులకి ఓపిగ్గా చెప్పాడు. ఆసామి ఆయన చేతిలో మూడు వందలు పెట్టి వెళ్లాడు.

వీరాస్వామి ఆ డబ్బు తెచ్చి యోబుకిచ్చాడు. డ్యూటీలో ఉండగా వచ్చింది కాబట్టి మీదేనన్నాడు. అంతవరకూ బిగబట్టుకున్న యోబు అక్కడ కూలిపోయాడు.

"రేపట్నుంచి రావద్దు బాబాయ్. మీకివ్వాల్సింది ఎప్పుడిస్తానో కూడా చెప్పలేను. మూఢం వస్తోందని నాకు తెలీలేదు."

వీరాస్వామి నడుముకి చుట్టిన తువ్వాలు విప్పుతూ తలెత్తి చూశాడు.

"తెలీదాండీ?" అన్నాడు. "మాకందరికీ తెలుసు కదండీ. మూడు నెలలు పనుండదని తెలిసే జీతం ఇస్తానన్నారనుకున్నామండి. పని ఉన్నా లేకపోయినా అని రాసిచ్చారు కదండీ. ఇలాంటి మనిషి మళ్లీ దొరకడనే చెరువు మానేశానండి."

యోబుకి భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. మూడు వందలూ ఆయన జేబులో పెట్టబోతే, వీరాస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

"సత్యవతితో మాత్రం తెలీదన్న మాట అనకండి. రోజూ దీపం పెట్టి మీ పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంటోందండి."

ఆయన గేటు దాటాక కూడా మూడు వందలూ యోబు చేతిలోనే ఉన్నాయి.