అద్దం లేని కిటికీ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు ఆ రెండూ ఎవరి డబ్బుతోనో చేసి ఉంటాడు. సొంత డబ్బుతో చేసినవాడికి సామెతలు చెప్పేంత ఓపిక మిగలదు. కిటికీ మాస్టారు ఇల్లు ఎలాగూ కట్టలేదు. ఇక మిగిలింది పెళ్ళి. అదీ ఒక్కగానొక్క కూతురిది.

ఆయన్ని తోటి పనివాళ్ళు కిటికీ మాస్టారని ఎందుకంటారో చెప్పాలి. ఊళ్ళో ఒక పెద్ద బట్టల దుకాణం ఉంది. వీధి వైపు నిలువెత్తు అద్దం, అద్దం వెనక మనకంటే మంచి బట్టలు వేసుకున్న బొమ్మలు. ఆ బొమ్మలకు బట్టలు తొడిగేది, వాటి వెనక తెరలు కట్టేది, దీపాలు అమర్చేది ఈయనే. ముప్పై ఏళ్ళుగా అదే పని. పొద్దున్నే, దుకాణం తెరవకముందే చెప్పులు విప్పి లోపలికి దూరి, జనం వచ్చే వేళకు మాయమవుతాడు. కిటికీ సర్దేవాడు కనబడితే కిటికీ పాడైనట్టే లెక్క. నోట్లో ఎప్పుడూ ఓ పది గుండుసూదులుంటాయి కాబట్టి మాటల్లో పొదుపు దానంతటదే అలవడింది.

కూతురు బీమా ఆఫీసులో గుమాస్తా. పక్క బల్ల కుర్రాడే పెళ్ళికొడుకు. అతని తల్లి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. రిటైరైన సంగతి ఆవిడకింకా ఎవరూ చెప్పినట్టు లేదు. సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు ఆవిడ టీ కప్పు కింద పెట్టి, "మేనేజరు గారూ, దుకాణం బరువంతా మీ మీదేనటగా?" అంది.

కిటికీ మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది. కూతురి వైపు చూశాడు. కూతురు నేల వైపు చూస్తోంది. అప్పుడర్థమైంది.

"ఏదో, అందరం కలిసి మోస్తుంటాం," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక కూతురు వచ్చి పక్కన నిలబడింది. "ఆఫీసులో చేరిన కొత్తలో ఎవరో అడిగితే నోరు జారాను నాన్నా. తర్వాత దిద్దుకోవడం కుదరలేదు. కోపమొచ్చిందా?"

"లేదమ్మా."

కోపం రాలేదన్నది నిజమే. వచ్చింది బాధ. ఆ పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు, మీ నాన్న బొమ్మలకు బట్టలు విప్పుతాడటగా అని తోటి పిల్లలు ఏడిపిస్తే రెండు రోజులు అన్నం మానేసింది. అప్పటినుంచి ఆ వీధిలోకి వెళ్ళాల్సి వస్తే అవతలి పక్కన, తల తిప్పుకుని నడిచేది. ఊరంతా ఆగి చూసే కిటికీ ముందు తన కూతురు ఒక్కసారి ఆగితే చాలని ఆయన కోరిక. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత పెద్ద కోరికని ఆయనకే అనిపించలేదు.

హాలుకీ భోజనాలకీ పోగా అలంకరణకు మిగిలింది గోరంత. అయినా పిలిచారు కదా అని అలంకరణ కంపెనీ మనిషి ఆల్బం పట్టుకొచ్చాడు. మూడో పేజీ ధర వినగానే కిటికీ మాస్టారి భార్య ఆల్బం మూసేసి, "బాబూ, ఇంత పోసేటట్టయితే ఇంకో పెళ్ళి కూడా చేసుకోవచ్చు," అంది.

"కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలంటే ఎలాగమ్మా!" అని ఆ మనిషి ఆల్బం చంకన పెట్టుకుని లేచాడు. ఇచ్చిన టీ మాత్రం పూర్తిగా తాగాడు.

కిటికీ మాస్టారు నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి చొక్కా అంచుకు గుచ్చుకున్నాడు. సూదులు తీస్తున్నాడంటే విషయం పెద్దదని ఇంట్లో అందరికీ తెలుసు.

"నేను చేస్తాను," అన్నాడు.

కూతురు గోళ్ళు చూసుకుంటూ అంది, "చెయ్యి నాన్నా. కానీ నువ్వు చేశావని అక్కడెవరికీ తెలియకూడదు. కంపెనీ వాళ్ళు చేశారని చెబుదాం. అత్తయ్యకి తెలిస్తే మేనేజరు మాట కూడా బయటపడుతుంది."

"ముప్పై ఏళ్ళుగా ఎవరికి తెలిసిందని, ఇప్పుడు తెలియడానికి?" అన్నాడు.

అదే రోజు పని మొదలైంది. వర్షపు నీరు తగిలి మరక పడిన అస్తరు గుడ్డ తాను ఒకటి దుకాణం గిడ్డంగిలో పడి ఉంటే తూకానికి తెచ్చాడు. మరకలన్నీ మడతల లోపలికి పోయేటట్టు కుచ్చిళ్ళు పట్టాడు. తానుల లోపలుండే అట్టగొట్టాలు స్తంభాలయ్యాయి. కరెంటు తీగలకు అడ్డమొస్తున్నాయని లైన్‌మెన్ కొట్టి పారేసిన కొమ్మలకు సున్నం కొట్టాడు. చొక్కాల మడతల్లో పెట్టే పల్చటి కాయితంతో మూడొందల పువ్వులు చేయించాడు. వాటిల్లో సగం భార్య చేసింది, సగం మరదలు చేసింది. మరదలు చేసినవి అచ్చం క్యాబేజీల్లా ఉన్నాయి. "చాలా బాగున్నాయమ్మా, ఇవి పైన పెట్టాలి," అని వాటిని ఎవరి కంటికీ అందనంత ఎత్తున కట్టాడు. మొత్తం ఖర్చులో పెద్దది ఆటో బాడుగ.

"ఇంతేనా? మధ్యలో అంతా బోసిగా ఉందే," అంది భార్య, గీసిన బొమ్మ చూసి.

"ఖాళీయే ఖరీదు," అన్నాడు. "చవక దుకాణం కిటికీలో నలభై చొక్కాలుంటాయి. ఖరీదైన దుకాణంలో ఒక్కటుంటుంది. చుట్టూ ఏమీ ఉండదు."

"అయితే అసలేమీ పెట్టకపోతే మహారాజులమనుకుంటారుగా?"

ఆయన సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

పెళ్ళి రోజు పొద్దున తొమ్మిదింటికల్లా పని ముగించాడు. ఆ హాలు గోడలు ఆసుపత్రి పచ్చ రంగు. వేదిక వెనక ఒక లావాటి నీళ్ళ గొట్టం, ఎప్పటివో మీటింగుల కాయితాలు అంటించిన మరకలు. ఇప్పుడవేవీ లేవు. వేదిక ముందు అంచున రెండు తెల్లటి స్తంభాలు, పైన కమాను, పక్కల కొమ్మలు, లోపల పాలమీగడ రంగు తెర, మధ్యన రెండు కుర్చీలు. వెనకనుంచి మెత్తటి వెలుగు. కిటికీ మాస్టారు నాలుగడుగులు వెనక్కి వేసి ఒక కన్ను మూసి చూశాడు. లోపం లేదు. వెళ్ళి బట్టలు మార్చుకుని, పెళ్ళికూతురి తండ్రి అయిపోయాడు.

ముహూర్తం రాత్రికి. ఈలోగా వచ్చినవాళ్ళు పలకరించడానికని పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునీ తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు. తలుపులు తీశారు. జనం వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు "అబ్బ!" అన్నారు. అని, వేదికకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయారు.

మొదట్లో కిటికీ మాస్టారికి పొంగిపోయినంత పనైంది. పావుగంట గడిచింది. జనం ఇంకా అక్కడే ఉన్నారు. బహుమతి పొట్లాలు చేతుల్లోనే ఉన్నాయి. ఎవరూ మెట్లెక్కడం లేదు. తలలు కొంచెం పక్కకు వంచి చూస్తున్నారు, గుసగుసగా మాట్లాడుకుంటున్నారు, కదిలిపోతున్నారు. భోజనాల గదిలో రద్దీ పెరిగింది. వేదిక మీదికి మాత్రం పురుగు కూడా రావడం లేదు. పెళ్ళికొడుకు బాబాయి ఒకాయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెళ్ళికూతురి చీర అంచు కేసి తేరిపార చూశాడు. ధర చీటీ కోసం వెతుకుతున్నాడని కిటికీ మాస్టారికి చూడగానే తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న చూపు అది.

తను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. బుర్ర పెళ్ళి గురించి ఆలోచిస్తుంటే చేతులు వాటికి తెలిసిన పని అవి చేసేశాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య పన్నెండడుగులు, ఎత్తు తొమ్మిది. దుకాణం కిటికీ కొలత, అంగుళం తేడా లేదు. జనం అక్కడ లేని అద్దానికి మర్యాద ఇస్తున్నారు. అద్దం వెనక తన కూతురు ఒళ్ళో చేతులు పెట్టుకుని, కదలకుండా, బొమ్మలా కూర్చుని ఉంది. ఏ మాటకు ఆ పిల్ల రెండు రోజులు అన్నం మానేసిందో, దాన్నే తీసుకొచ్చి ఆమె పెళ్ళికి పీటేసి కూర్చోబెట్టాడు. ఎవరో చెంప పగలగొట్టినట్టయింది ఆయనకు.

కూతురు వేలితో రమ్మని సైగ చేసింది. జనాన్ని తప్పించుకుంటూ పక్క మెట్ల మీదుగా ఎక్కాడు. ఎక్కి, కూతురి పక్కన నిలబడి, ఆమె చూస్తున్న వైపు చూశాడు. రెండో తప్పు అక్కడుంది.

కిటికీకి ఒక వైపే ఉంటుంది. ముందు వైపు పట్టు, వెనక వైపు పట్టీలు. ముప్పై ఏళ్ళలో వెనక వైపు చూడడానికి ఎవరూ లేరు కాబట్టి ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పెళ్ళికూతురు కూర్చునేది వెనక వైపే. స్తంభాల వెనక అట్ట, అంటుపట్టీలు, పాత వార్తా పత్రికలు, కొన్ని వందల సూదుల మొనలు. కమాను నిలబడడానికి దన్నుగా దుకాణంలో పారేసిన బోర్డులు కట్టాడు. వాటి అక్షరాలు లోపలికి తిరిగి ఉన్నాయి. "పాత సరుకు సగం ధరకే. త్వరపడండి!" అని ఒకటి. సరిగ్గా పెళ్ళికొడుకు కళ్ళకెదురుగా ఇంకొకటి: "ఒకసారి తీసుకున్న సరుకు వాపసు తీసుకోబడదు."

"ఇందాకట్నుంచి చదువుతున్నానండి," అన్నాడు అల్లుడు వినయంగా. "నాకేం అభ్యంతరం లేదు."

కిటికీ మాస్టారు తల దించుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. ఇటు వైపు సంగతి తట్టలేదు. ఓ గంట టైమిస్తే..."

కూతురు ఆయన మాట వినడం లేదు. ఆ సూదుల వైపే చూస్తోంది. "నాన్నా, ఇన్నేళ్ళుగా నీకు కనిపించేది ఇదా?"

"పని చేస్తున్నంతసేపూ ఇదే."

"మరి అవతల ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?"

"అనుకుంటాను," అన్నాడు. "అవతల నిలబడ్డవాళ్ళు ఏం చూస్తారా అని ఇవతల కూర్చుని అనుకుంటూ ఉంటాను. అంతేగా పని."

కూతురు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఏదో అనబోయేంతలో వియ్యపురాలు మెట్లెక్కి వచ్చింది. ఉన్న గోడలే ఆవిడనెప్పుడూ ఆపలేదు, లేని అద్దం ఆపుతుందా?

"మేనేజరు గారూ, ఏం కంపెనీ అండీ ఇది? ఎంత నాజూగ్గా ఉంది! మా చిన్నవాడి పెళ్ళికి వీళ్ళనే పెడతాను. ఫోన్ నంబరివ్వండి," అంటూ కాయితం, కలం తీసింది. హెడ్మిస్ట్రెస్ చేతిసంచీలో అవి లేకుండా ఉండవు.

"అదీ... వాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదండీ," అన్నాడు కిటికీ మాస్టారు. "వచ్చారు, చేశారు, పోయారు."

"పోతే పోయారు. నంబరుంటుంది కదా?"

ఆయన జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. అబద్ధాన్ని అతికించడానికి ఎన్ని సూదులు కావాలో ఆయనకు తెలియదు.

"కంపెనీ లేదత్తయ్యా," అంది కూతురు. మామూలు గొంతుతోనే అంది. వేదిక ముందున్న జనానికి కూడా వినబడింది. "ఇది మా నాన్న చేశారు. ఆయన మేనేజరు కారు. ఆ దుకాణం ముందు కిటికీ సర్దుతారు. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసి అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఆ అబద్ధం తలుచుకుంటే సిగ్గేస్తోంది."

భోజనాల గదిలో ఎవరో ఇంకో వడ్డన అడగడం స్పష్టంగా వినిపించింది.

వియ్యపురాలు కలానికి మూత పెట్టింది. కోడలిని ఎగాదిగా చూసింది. "అబద్ధం చెప్పినవాళ్ళని నేను బెంచీ ఎక్కించేదాన్ని," అంది. "నువ్వెలాగూ ఎక్కే ఉన్నావు. పెళ్ళి రోజు కాబట్టి దిగు." తర్వాత కిటికీ మాస్టారి వైపు తిరిగి, "మీ నంబరైతే నా దగ్గరుందిగా అన్నయ్యగారూ," అని కాయితం మడిచి సంచీలో పెట్టేసుకుంది.

కూతురు దిగింది. నిజంగానే దిగింది. పెళ్ళికూతురు కుర్చీ వదిలి మెట్లు దిగి జనంలోకి వస్తుంటే అందరూ పక్కకు జరిగారు. నాలుగడుగుల దూరం దాకా వెళ్ళి ఇటు తిరిగి నిలబడింది. స్తంభాల మీద కుచ్చిళ్ళు, సున్నపు కొమ్మలు, వెలుగు, మధ్యలో వదిలిన ఖాళీ, అన్నీ చూసింది. తొందర లేకుండా చూసింది. ఆ దుకాణం వీధిలో ఏ పనీ లేనివాళ్ళు చూసినట్టు చూసింది. ఎనిమిదేళ్ళప్పటినుంచి బాకీ పడిన చూపంతా అక్కడే తీర్చుకుంది.

"చాలా బాగుంది నాన్నా," అంది అక్కడినుంచే, ఏడుస్తూ.

వేదిక మీద ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. అల్లుడు మర్యాదగా ఓ పక్కకు తప్పుకున్నాడు. వెలుగంతా ఆయన మీదే పడుతోంది. దుకాణం కిటికీకైతే వెనకాల వంగి బయటికి పోవడానికి ఒక చిన్న తలుపుంటుంది. ఇక్కడ అది లేదు. కోడలి వెనకే దిగబోయి మెట్ల మీద ఆగిన వియ్యపురాలు, ఆవిడ వెనక బహుమతి పొట్లాలతో జనం. ఇంతసేపూ ఆగిపోయినవాళ్ళంతా ఇప్పుడు వరసకట్టి పైకి వస్తున్నారు. వాళ్ళు మొదట ఎవరి దగ్గరికి రావాలో తెలియక ఆయన దగ్గరికే వచ్చారు. కిటికీ మాస్టారు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక, వాటిని అలాగే వదిలేసి, ఊరంతా చూస్తుండగా ఏడ్చాడు.