ఆరని రంగు

ముప్ఫై ఏడేళ్ళు ఒకే షెడ్డులో కార్లకు రంగు కొట్టిన మనిషిని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరుంటారు? షెడ్డు ఓనరు దగ్గర్నుంచి వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసేవాడి దాకా అందరికీ ఆయన రంగులాయనే. ఆయన వేసిన రంగు బాగాలేదని వెనక్కి వచ్చిన బండి ఒక్కటి లేదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. షెడ్డులోకి రంగులు కలిపే మిషను వచ్చాక నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపించారు.

భార్య పోయి అప్పటికే నాలుగేళ్ళు. మేడ మీద ఒకటే గది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు. రెండో కుర్చీ ఉతికిన బట్టలు పెట్టుకోవడానికి పనికొచ్చేది. వేరే ఊళ్ళో ఉన్న కూతురు ఆదివారం ఫోను చేసి, "తిన్నావా నాన్నా, మందులేసుకున్నావా నాన్నా" అని అడిగేది. ఈయన జవాబు చెప్పేలోపు వెనకాల పిల్లలు జుట్లు పట్టుకునేవాళ్ళు, ఆమె పెట్టేసేది. మిగతా ఆరు రోజులూ ఆ ఫోను ఉన్నా లేనట్టే.

అలాంటి రోజుల్లో చెవి డాక్టరు కబురు పెట్టాడు. ఆయన కారుకి రంగులాయన మూడుసార్లు రంగు వేశాడు. మొదటిసారి డాక్టరు భార్య షెడ్డుకి వచ్చి, రంగుల పుస్తకం పక్కకి నెట్టేసి, "వాన పడబోయే ముందు ఆకాశం ఉంటుందే, అది కావాలి" అంది. షెడ్డంతా నవ్వింది. రంగులాయన నవ్వలేదు. బూడిదరంగులో నీలం, అందులో చుక్క నలుపు కలిపి, మూడు రేకు ముక్కల మీద పూసి ఎండలో పెట్టాడు. ఆమె రెండో ముక్క మీద వేలు పెట్టింది. ఇప్పుడు ఆ కారూ లేదు, ఆమే లేదు.

ఇంటికి వెళ్ళగానే డాక్టరు ఒక అట్టపెట్టె తీసి ఇచ్చాడు. పైన అదే కారు బొమ్మ, ఎండకి వెలిసిపోయి ఉంది. లోపల ప్లాస్టిక్ ముక్కలు. అతికించుకుంటే జానెడు కారు అవుతుంది.

"ముప్ఫై ఏళ్ళ కింద ఆవిడ కొనిచ్చింది. రిటైరయ్యాక తీరిగ్గా చేద్దామని దాచాను. ఇప్పుడు చూడు." ఆయన చేతిలో పెట్టె దానంతటదే గలగలలాడింది. "నువ్వు చేసిపెట్టు. తొందరేం లేదు. ఎంతదాకా వచ్చిందో సాయంత్రాలు ఫోను చేసి చెబుతుండు. రంగు మాత్రం ఆవిడదే."

"అదెంత పని సార్."

"ఈ రకం ప్లాస్టిక్కి వేరే రంగులుంటాయట. ఎవర్నన్నా కనుక్కో."

"తాతకి దగ్గులు నేర్పుతారా డాక్టరు గారూ" అని నవ్వేసి పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాడు.

బల్ల మీద పాత పేపరు పరిచి ముక్కలు లెక్కపెట్టాడు. నూట పన్నెండు. చట్రాలకి కాయల్లా వేలాడుతున్నాయి. సబ్బునీళ్ళలో కడిగి, గోళ్ళు తీసుకునే కత్తెరతో ఒక్కొక్కటీ తెంపి, తెంపిన చోట మిగిలిన మొటిమని గరుకు కాగితంతో అరగదీశాడు. జిగురు అగ్గిపుల్ల మొనతో అంటించాడు. పెద్ద పెద్ద బానెట్ల మీద తిరిగిన చేతులకి వడ్లగింజంత అద్దాలు పట్టుకోవడం రాలేదు. ఒక అద్దం కింద పడితే దానికోసం గదంతా మోకాళ్ళ మీద పాకాడు. రాయిలా బిగుసుకుపోయిన టైర్లని వేడినీళ్ళలో నానబెట్టి చక్రాలకి ఎక్కించాడు.

సాయంత్రం ఆరింటికి ఫోను.

"ఇవాళ ఇంజను బిగించేశాను సార్."

"స్టార్టవుతోందా?"

"పెట్రోలు మీరు పొయ్యాలి."

మొదట్లో రెండు నిమిషాలుండే ఫోను అరగంటకి చేరింది. కారు గురించి మొదలై ఎటో వెళ్ళిపోయేది. మధ్యాహ్నం నుంచే రంగులాయన చెప్పాల్సిన ముక్కలు మనసులో పోగేసుకునేవాడు. డాక్టరు ఫోను పక్కనే కుర్చీ వేసుకుంటాడని, మొదటి మోతకే ఎత్తడం చూసి తెలిసిపోయింది.

రంగు రోజు రానే వచ్చింది. మళ్ళీ మూడు రేకు ముక్కలు, మళ్ళీ ఎండ. ఆ ఆకాశం దొరికింది. షెడ్డు నుంచి తెచ్చుకున్న థిన్నరు కలిపి, రంగు చిమ్మే చిన్న గన్నుతో పైకప్పు మీద, బానెట్ మీద సన్నగా కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. అద్దంలా ఉంది.

కాసేపటికి పైకప్పు మీద ఒక ముడత లేచింది. తర్వాత ఇంకొకటి. వేడి పాల మీద ఊదితే మీగడ ముడుచుకున్నట్టు కారంతా ముడుచుకుపోయింది. కంగారులో వేలితో సర్దబోతే వేలిముద్ర అలాగే దిగిపోయింది. తలుపు గీతలు కరిగి కనిపించకుండా పోయాయి. ముప్ఫై ఏళ్ళు పెట్టెలో భద్రంగా ఉన్నది పావుగంటలో ఆయన చేతుల్లో పాడైంది.

ఆ సాయంత్రం డాక్టరే ఫోను చేశాడు. "వేశావా?"

"వేశాను సార్. ఆరుతోంది."

వారం తర్వాత కూడా ఆరుతూనే ఉంది. "గాలిలో తేమ ఎక్కువగా ఉంది సార్" అన్నాడు.

"అదెక్కడి రంగోయ్. మా ఆవిడ చూపించిన ఆకాశం కూడా ఇన్నాళ్ళు మబ్బు పట్టలేదు" అని నవ్వాడు డాక్టరు.

ఆ నవ్వు విన్నాక ఇంకో అబద్ధం ఆడే ధైర్యం రాలేదు, నిజం చెప్పే ధైర్యమూ రాలేదు. ఫోను ఎత్తడం మానేశాడు. ఆరింటికి అది మోగుతుంటే ఆగేదాకా కిటికీ దగ్గర నిలబడేవాడు. పదకొండు రోజులు మోగింది. పన్నెండో రోజు మోగలేదు. హాయిగా ఉంటుందనుకున్నాడు. ఉండలేదు.

చివరికి బొమ్మల రంగులమ్మే దుకాణానికి వెళ్ళి, కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగాడు: "ఇలాంటి ప్లాస్టిక్కి ఏం వెయ్యాలమ్మా?" ఆయన ఎవరో ఆ పిల్లకి తెలీదు. ఏమీ తెలియని మనిషికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. రంగు గురించి ఆయన ఇంకొకళ్ళని అడగడం జీవితంలో అదే మొదలు.

పాడైన పొరంతా నీళ్ళలో ముంచిన గరుకు కాగితంతో గీకాడు. గుంటలు మైనంలాంటి పూతతో పూడ్చి మళ్ళీ గీకాడు. పోయిన తలుపు గీతల్ని కుట్టుసూదితో ఒక్కో వెంట్రుకవాసీ గీశాడు. ఆ అమ్మాయి ఇచ్చిన నీళ్ళ రంగుల్లోంచి ఆ ఆకాశాన్ని మళ్ళీ వెతికి పట్టుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. మొత్తం ఐదు వారాలు.

కారుని చెప్పుల పెట్టెలో దూది మధ్య పెట్టుకుని డాక్టరింటికి వెళ్తే తాళం వేసి ఉంది. ఎదురింటావిడ బయటికి వచ్చింది. "మేనల్లుడొచ్చి తీసుకెళ్ళాడండీ, పది రోజులైంది. వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం ఏదో హోముందట, అందులో చేర్చారు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. మూడు గంటల ప్రయాణం, ఒళ్ళో పెట్టె.

రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు డాక్టరు. మనిషి చిక్కిపోయాడు. కారుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇదే" అన్నాడు. తర్వాత బొటనవేలు పైకప్పు మీదుగా పోనిచ్చి ఒకచోట ఆగాడు. "ఇక్కడేమైంది?"

"కరిగిపోయింది సార్. మీరు కనుక్కోమన్నారు, నేను వినలేదు. ఆరుతోందన్నదంతా అబద్ధం."

"అది తెలుస్తూనే ఉందిలే. మరి ఫోను?"

"మొహం చెల్లలేదు."

డాక్టరు కారుని కిటికీ గట్టు మీద పెట్టాడు. "మా మేనల్లుడు రెండేళ్ళుగా రమ్మని పోరుతున్నాడు. ఈమధ్యయితే, సాయంత్రం నాకు ఫోనొస్తుంది, ఇల్లొదిలి ఎలా వస్తాననేవాణ్ణి. అది ఆగిపోయాక, ఇంక అక్కడ కూర్చుని చేసేదేముందనిపించింది. సరే అన్నాను." రోగికి జబ్బు సంగతి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది రంగులాయనకి.

"మళ్ళీ వెళ్ళిపోదాం సార్. నేను తోడుంటాను."

"ఇల్లు అద్దెకిచ్చేశారయ్యా. వచ్చే నెల వాళ్ళు దిగుతున్నారు."

నర్సు వచ్చి భోజనం వేళయిందని చెప్పింది. లేవబోతూ డాక్టరు అడిగాడు: "బస్సెన్నింటికి?"

"నాలుగున్నరకి సార్. గురువారం మళ్ళీ వస్తాను."

డాక్టరు కారుని గట్టు మీద ఇంకాస్త లోపలికి జరిపి నర్సు వెంట నడిచాడు.

ఆ గురువారం వెళ్ళాడు, ఆ పై గురువారమూ వెళ్ళాడు. మాటలు మునుపటిలా సాగేవి కావు. ఎదురెదురుగా కూర్చుంటే, ఫోనులో అంత సులువుగా వచ్చిన మాటలు ఎటు పోయేవో. చలి మొదలయ్యాక డాక్టరుకి మందులు పెంచారు. మధ్యాహ్నాలు ఎక్కువగా నిద్రలోనే ఉండేవాడు. లేపవద్దని నర్సుకి తనే చెప్పి, రంగులాయన కుర్చీ కిటికీ వైపు తిప్పుకునేవాడు. కింద ఆవరణలో సందర్శకుల కార్లు ఆగి ఉండేవి. ఎర్రదాని తలుపు సొట్ట తీయాలి, తెల్లదాని బానెట్ మీద పెచ్చు లేచింది, మూలనున్నదానికి ఎవరో రంగు సరిగ్గా కలపలేదు. అలా ఒక్కొక్కటీ చూస్తూ బస్సు వేళయ్యేదాకా కూర్చునేవాడు.