కప్పతల్లికి మొదటి బిందె

రామగిరి కొండమీద గాలిమరలు లేచిన ఏడే సంజీవప్పకు వాటి కాపలా పని దొరికింది. బొగ్గు కాల్చకుండా, పొగ రాకుండా కరెంటు పుడుతుందని, పొగ పెరిగేకొద్దీ ఎండలు ముదిరి వానలు అదను తప్పుతాయని ఇంజనీరు చెప్పిన మాట అతని మనసుకెక్కింది. టీకొట్టు దగ్గర పదిమందికీ అదే చెప్పాడు. అందరూ తలలూపారు. తలూపడానికి ఖర్చేముంది?

ఖర్చున్న చోట మాత్రం ఎవరి తలా కదల్లేదు. కొండ వాలులో తుమ్మ, వేప, చిగర చెట్లు కొట్టి బొగ్గుల బట్టీలు పెట్టినవాళ్లలో మొదటివాడు అతని సొంత తమ్ముడు గంగప్పే. బొగ్గు మూటలు హిందూపురానికి, కట్టెలు ధర్మవరం అద్దకం పొయ్యిలకు పోయేవి. వద్దురా అంటే, "నీకు నెల జీతముండాది. మాకేముండాదినా?" అనేవాడు.

2002లో వేరుశనగ చేలు మొలకల్లోనే మాడిపోయాయి. పెనుకొండ వైపు నుంచి మోడాలు, అంటే మబ్బులు, వచ్చేవి, కొండ దాటి ఎటో పోయేవి. వాటి కింద రెక్కలు గిరగిరా తిరుగుతుండేవి. ఇంకేం, ఊరికి దోషి దొరికాడు.

"ఆ ఫ్యాన్లే మోడాలను తరుముతాండాయి. వాటికి కాపలా ఉండేది నువ్వే కదప్పా" అంది ఊరి పెద్దావిడ రామసుబ్బమ్మ.

"మోడాలు యాడో పైన పోతాయమ్మా. ఇవి గాలికి తిరిగేవే గానీ గాలి పుట్టించేవి కాదు."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. ఆనాటి నుంచి టీకొట్టులో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.

వాన కోసం కప్పను వేపరెమ్మలతో రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పడం ఆ ఊరి ఆచారం. ప్రతి ఇల్లాలూ కప్పతల్లి మీద బిందెడు నీళ్లు పోయాలి. కప్పతల్లి ఆగని ఇల్లు ఊరు వెలివేసిన ఇల్లే. సంజీవప్ప భార్య నీలావతి తలస్నానం చేసి, నిండు బిందెతో గడపలో నిలబడింది. పాట దగ్గరికొచ్చింది. ఆగకుండా పక్కింటికి పోయింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె బిందె దించలేదు. తర్వాత ఆ నీళ్లను మళ్లీ తొట్లో పోసుకుంది. పారబోసుకునే రోజులు కావవి.

"నీ ఫ్యాన్లు మోడాలను తరిమినాయో లేదో గానీ, నన్ను మాత్రం ఊళ్లోంచి తరిమేసినాయి" అంది.

వారం తిరక్కుండానే రిపేరు కోసం కంపెనీవాళ్లు గాలిమరలన్నీ ఆపారు. ఆ మధ్యాహ్నమే కుండపోతగా వాన. కాకి వాలింది, తాటిపండు పడింది. ఊరు కాకినే చూసింది.

తడుచుకుంటూనే అందరూ అతని వాకిట్లోకొచ్చారు. "నువ్వు చెప్పి ఆపిస్తివా అప్పా?" అంది రామసుబ్బమ్మ. రిపేరనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. గడపలోంచి నీలావతి చూస్తోంది.

"నేనే ఆపించినా. మీరు చెప్పిందే నిజం" అన్నాడు.

ఆ ఒక్క అబద్ధంతో ఊరు అతన్ని కలుపుకుంది. దాంతోనే బట్టీలవాళ్లకు ఉన్న కాస్త జంకూ పోయింది. ఆ వాన మళ్లీ రాలేదు. మరుసటి ఏడాదికి బట్టీలు రెట్టింపయ్యాయి. కొండ వాలు బోడిగుండయింది.

"ఇంక చాలు గంగా. ఉన్న నాలుగు చెట్లన్నా ఉండనీ" అని తమ్ముణ్ణి బతిమాలాడు సంజీవప్ప.

"చెట్లదేముండాదినా? ఫ్యాన్లాపితే వానొచ్చిందని నువ్వే అంటివి కదా" అన్నాడు గంగప్ప. వెటకారంగా కాదు, మనస్ఫూర్తిగా నమ్మి అన్నాడు. వెటకారమైనా సంజీవప్ప భరించేవాడు.

ఆ ఏడు కప్పను కట్టడానికి వేపరెమ్మ పక్క ఊరి నుంచి తెచ్చారు. మేళం నేరుగా సంజీవప్ప గడప ముందే ఆగింది.

"మొదటి బిందె నీదే నీలావతీ" అంది రామసుబ్బమ్మ. నీలావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. మురిసిపోతూ బిందె వంచింది. కొండ వాలు నుంచి బట్టీల పొగ వచ్చి వాకిలంతా కమ్ముకుంటోంది.

"ఈతూరి గూడా ఆపిస్తావు కదప్పా?" అని అడిగింది పెద్దావిడ.

సంజీవప్ప తలూపాడు.