ఖమరాపా రాసిన పేజీలు

నాకు కోపం ఎక్కువ. ఆ మాట నేనే ముందు చెప్పేస్తే మంచిది, పలమనేరులో మా వీధిలో ఎవరినడిగినా ఎలాగూ చెప్తారు. అందుకే మా కంపెనీ పెట్టిన రాజశ్రీ అక్క ఫిర్యాదుల ఫోను నా చేతికిచ్చింది. "భానుప్రియా, అందరి మీదా నువ్వే అరస్తావు గదా. కొన్ని దినాలు నీ మీద అరిసేది కూడా విను" అంది.

మాది గుడ్డ ప్యాడ్లు కుట్టే కంపెనీ. ఉతుక్కుని మళ్లీ మళ్లీ వాడుకునేవి. ఆరుగురం ఆడవాళ్లం, మేడ మీద రెండు గదులు, నాలుగు కుట్టు మిషన్లు. బోర్డు మీద పేరు ఘనంగానే ఉంటుంది గానీ ఊళ్లో అందరికీ మాది గుడ్డల కంపెనీయే. కింద ఎరువుల కొట్టు తిరుమలయ్యకైతే ఆ మాట కూడా నోట రాదు. ఎవరైనా దారి అడిగితే "ఆడోళ్ల ఆఫీసా, పైన ఉండాది" అని గోడతో చెప్తాడు.

మాకొక పద్ధతి ఉంది. కొత్త రకం ఏది కుట్టినా ముందు మేమే వాడాలి. ఎవరికి నెలసరి వస్తే వాళ్లు వాడి పుస్తకంలో రాయాలి. ఎన్ని గంటలు పెట్టుకున్నారు, కారిందా, తొడలు ఒరుసుకున్నాయా, ఉతికాక ఎంతసేపటికి ఆరింది, అన్నీ. పుస్తకం మొదటి పేజీలో ఒక రూలు ఉంటుంది. వాడకుండా రాసిన మనిషి మరుసటి రోజు నుంచి పనికి రానక్కర్లేదు. ఆ రూలు పెట్టింది నేనే.

ఎక్కువగా అయ్యేవాళ్ల కోసం కుట్టే పెద్ద రకానికి మాత్రం ఖమరాపా మాటే ఆఖరు. ఆమె పేరు ఖమర్ జహాన్, యాభై రెండేళ్లు ఉంటాయి. ఆపా, అంటే అక్క, అని అందరం పిలుస్తాం. ఆమెకు అయినట్టు మాలో ఎవరికీ కాదు. నాలుగేళ్ల కింద రాజశ్రీ అక్క ఆమెను పనిలోకి పిలిచిందే అందుకు. ఆమె కుట్టు ఎంత బాగుంటుందో మాకు తర్వాత తెలిసింది.

పలమనేరు చలికి గుడ్డ ఆరదు. పొరలు మందంగా ఉంటే రెండో రోజుకీ తడిగానే ఉంటుంది. ఆ ఫిర్యాదులు విని విని, పెద్ద రకంలో ఒక పొర తీసేశాం. ఆపా మూడు నెలలు వరసగా వాడి రాసింది. "రెండో దినం. నాలుగు గంటలు. కారలేదు. బాగుండాది." ఆ మాట నమ్మి బంగారుపాళెం దగ్గర ఒక ఆడపిల్లల హాస్టలుకు వంద ప్యాకెట్లు పంపించాం.

నెల తిరక్కుండానే హాస్టలు వార్డెన్ చంద్రకాంతమ్మ ఫోను చేసింది. "ఏమ్మా, మీరిచ్చిండేది ప్యాడా, జల్లెడా? ఏడెనిమిది మంది పిలకాయలకు కారిపొయ్యింది. పదో తరగతి పాప నాగులమ్మ, బడి ప్రార్థనలో ముందు వరసలో నిలబడి ఉండాది. వెనకాల మొగపిల్లోళ్లు. మూడు దినాలాయ, ఆ బిడ్డ బడికి పోలేదు, సరిగ్గా తినలేదు."

నేను అరవలేదు. అరవడానికి ఏముంది?

ఫోను పెట్టేసి పుస్తకం తీశాను. ఆపా పేజీల్లో తారీఖులు చూస్తుంటే ఒకచోట ఆగాను. పన్నెండో తారీఖు, శుక్రవారం, రెండో దినం అని రాసి ఉంది. ఆ శుక్రవారం నాకు బాగా గుర్తుంది. కొరియర్ ఆయన సంతకం కోసం లోపలికి రాబోతే మెట్ల మీదే ఆపి గొడవ పెట్టుకున్నాను, ఎందుకంటే లోపల గుడ్డ తాన్ల వెనక ఆపా నమాజులో ఉంది.

నెలసరి రోజుల్లో ఆపా నమాజు చెయ్యదు. ఆ రోజుల్లో ఆమె చాప చుట్టేసి మూలన ఉంటుంది, అది మా అందరికీ తెలిసిన సంగతే. నేను ఒక్కో తారీఖూ తలుచుకుంటూ పోయాను. ఎన్ని నెలలుగానో ఆ చాప మూలన ఉన్న రోజే లేదు. పుస్తకంలో అబద్ధం చెప్పింది గానీ నమాజు దగ్గర చెప్పలేకపోయింది ఆ మనిషి.

మధ్యాహ్నం ఆమె చాప చుడుతుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఆపా, నీకు ఎప్పట్నుంచి ఆగిపొయ్యింది?"

ఆమె చేతులు చాప మీదే ఆగాయి. "రంజాన్ ముందర్నుంచి" అంది.

"మరి రాసినావే! ఆడ ఒగ బిడ్డ నీ రాతను నమ్మి నలుగురిలో తల దించుకున్నింది, తెలుసునా?" నా గొంతు మిషన్ల చప్పుడును మించి లేచింది. మిషన్లన్నీ ఆగిపోయాయి.

ఆపా ఏడవలేదు, వాదించలేదు. "నన్ను ఈడికి పిలిసింది అందుకే గదా భానూ. అది పోతే ఇంక నేనెందుకు మీకు? ఇంట్లో కోడలు అప్పుడే ముసలిదాని కింద జమకట్టేసింది. ఈడకొస్తే మీ మాదిరే నేనూ ఒగదాన్ని అనుకుంటా ఉంటిని" అంది. కత్తెర తీసి సంచిలో పెట్టుకుంది. "రూలు నాకు తెలుసు. రేపట్నుంచి రాను. పొయ్యేముందర ఆ బిడ్డను ఒగసారి చూడల్ల. తీసకపో."

నేను రాజశ్రీ అక్క వైపు చూశాను. "రూలు నీది. వచ్చినాక నువ్వే తేల్చు" అంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మొగిలి ఘాట్ రోడ్డు దిగేదాకా నేను కోపంగానే ఉన్నాను. ఆ కోపంలో సగం నా మీదే. తారీఖు తారీఖునా ఆమె రాసింది చదివాను, రోజూ ఆమె నమాజు చూశాను, రెండూ కలిపి ఒక్కసారీ ఆలోచించలేదు. ఆగిపోతే చెప్పుకోవడానికి మా పుస్తకంలో ఒక గడి కూడా లేదు.

నాగులమ్మ హాస్టలు గదిలో ట్రంకు పెట్టె మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. సన్నటి పిల్ల. ఆపా వెళ్లి కింద, ఆ పిల్ల కాళ్ల దగ్గర కూర్చుంది.

"అమ్మా, నీకు అట్లయ్యింది నా వల్లనే. బాగుండాదని రాసింది నేనే. నాకిప్పుడు నెలనెలా రాదు. వస్తాదని అబద్ధం చెప్పినాను."

పిల్ల తిరిగి చూసింది. "రాకుండా ఎట్ల రాసినావు?"

ఆపా తల దించుకుంది. "బీట్‌రూటు ఉడకేసి, ఆ నీళ్లు పోసి పెట్టుకున్నా. నాలుగు గంటలు మిషను కాడ కూసున్నా. కారలేదు."

నాకిది కొత్త. యాభై రెండేళ్ల మనిషి, నెలనెలా, బీట్‌రూటు నీళ్లు! కోపమొచ్చిన చోటే నవ్వు తన్నుకొచ్చింది. నేను పెదవి కొరుక్కునేలోపే నాగులమ్మ ఫక్కున నవ్వేసింది. తలుపు దగ్గర చెవులు రిక్కించుకుని ఉన్న పిల్లలంతా నవ్వుతూ లోపలికొచ్చారు.

"అట్ల కాదవ్వా," నాగులమ్మ పెట్టె దిగి ఆపా ఎదురుగా కూర్చుంది. "నువ్వు కుర్చీలో కూసున్నావు. మేము కిందనే గదా కూసునేది. లేసేటప్పుడు ఒగేసారి పోతాది. అదీ వెనకాలకి."

"వెనకాల ఎంత?"

పిల్ల సిగ్గుపడుతూనే తన ప్యాడ్ తెచ్చి వేలితో చూపించింది. ఇంకొక పిల్ల, పడుకుంటే ఎక్కడ కారుతుందో చెప్పింది. కబడ్డీ ఆడేటప్పుడు పక్కకు జరిగిపోతుందని మరొకతె చెప్పింది. ఆపా ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. మా పుస్తకంలో ఇన్నేళ్లలో ఎవరం అడగని ప్రశ్నలు అవి. తర్వాత సంచిలోంచి కత్తెర, సూది, గుడ్డ తీసి అక్కడే కుట్టడం మొదలుపెట్టింది. వెనక భాగం నాలుగు వేళ్ల వెడల్పు పొడిగించింది. తీసేసిన పొరను మళ్లీ పెట్టింది గానీ, ఈసారి కలిపి కుట్టకుండా విడిగా, ఉతికినప్పుడు తీసి వేరుగా ఆరేసుకునేలా పెట్టింది. గంటన్నరలో అయిపోయింది. ఆరు నెలలుగా ఆరడం లేదని మేము తలలు పట్టుకున్నది ఇది!

నాగులమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నేను వాడి చెప్తా. బాగలేకుంటే బాగలేదనే చెప్తా. ఎవరికి చెప్పల్ల, నీకేనా అవ్వా? వచ్చే నెల వస్తావు గదా?"

ఆపా రెండో ప్యాడ్ కోసం గుడ్డ మడుస్తున్నది మడుస్తూనే నా వైపు చూసింది. పిల్లలు కూడా నా వైపు చూశారు. పుస్తకంలో రూలు నా చేతిరాతతోనే ఉంది. ఆమె తప్పు చేసింది, చిన్న తప్పేం కాదు. కానీ ఆ నిమిషాన నాకు ఆమె మీద వచ్చినంత ప్రేమ ఎవరి మీదా రాలేదు.

"ఆపాకే చెప్పు" అన్నాను. "వచ్చే నెలే కాదు, నెలనెలా ఆపానే వస్తాది. అడిగేది, రాసేది, అంతా ఇంక ఆయమ్మే."

ఆపా గబగబా తల దించుకుని సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించింది. కళ్లనిండా నీళ్లుంటే దారం ఎలా ఎక్కుతుంది? నేను పక్కన కూర్చుని, సూది తీసుకుని, ఎక్కించి ఆమె చేతికిచ్చాను.