లాగి, చూశాను

సంచులు కుట్టేవాడు పరాయి సంచుల్లోకి తొంగిచూస్తాడని పెళ్లాం అనుమానం ఇవాళ్టిది కాదు. ఎవరి సంచి కనిపించినా అతని చెయ్యి ఊరుకోదు. పట్టీ పట్టుకుని గుంజి, కుట్టు గట్టిదో కాదో తేల్చుకోవాల్సిందే. కొత్తల్లుడిగా అడుగుపెట్టిన రోజే మామగారి సంచి పట్టీ ఊడబెరికిన ఘనుడు. ఏనుగు సంచి తగిలించుకొచ్చినా వదిలేవాడు కాదు.

బస్టాపులో లెక్కల టీచరమ్మ సంచిని అలాగే గుంజాడు. పట్టీ ఒక కొస తెగి సంచి కాస్తా చేతికొచ్చింది. జనం తోపులాటలో ఆవిడ బస్సెక్కి పోయింది. ఇతను అక్కడే చతికిలబడి, సంచి తెరిచి లోపలివైపు నుంచి పట్టీ కుట్టి ముడి వేస్తుంటే పోలీసులు వచ్చి పట్టుకున్నారు. లాక్కున్నాడని కింది కోర్టు ఆరు నెలలు వేసింది. అప్పీలు కూడా పోతే జైలుకే.

లాయరమ్మ తన గదిలో మొగుడూ పెళ్లాల ముందు తీర్పు కాగితాలు తిరగేసింది.

"మీ ఆయనే ఒప్పుకున్నాడమ్మా. 'లాగి, చూశాను' అని వాంగ్మూలంలో ఉంది. సంచి లాగాడు, లోపల చూశాడు."

పెళ్లాం గిర్రున తిరిగింది. "ఏం చూశావయ్యా లోపల? ఉత్తరాలా, ఫొటోలా?"

"కుట్టే చూశాను! 'లాగి చూశాను' అన్నాను. తిని చూడు, వేసుకుని చూడు అనమూ? అలాగ."

"మరి మధ్యలో ఈ కామా?" అంది లాయరమ్మ, అతన్ని కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"నేను పెట్టలేదు తల్లీ. అదేమిటో కూడా నాకు తెలీదు."

"నీకు తెలియనిదేముందిలే," గొణిగింది పెళ్లాం.

అప్పీలు రోజున జడ్జిగారు ఆ వాక్యాన్ని ఒకసారి ఆగి, ఒకసారి ఆగకుండా చదివారు. మొహంలో నమ్మకం కనిపించలేదు. సంచి తెప్పించారు.

"లాక్కున్నవాడు కూర్చుని కుట్టిపెడతాడా, లేక ఇదంతా నాటకమా?"

"ఆ కుట్టు లాగి చూడండి బాబూ!" నోరు జారాడు సంచులవాడు.

జడ్జిగారు రెండు చేతులా పట్టీ లాగారు. అతను కుట్టిన కొస చెక్కుచెదరలేదు. కంపెనీవాళ్లు కుట్టిన రెండో కొస పటుక్కున తెగి, సంచి ఆయన చేతిలో వేలాడింది.

లాయరమ్మ వినయంగా లేచింది. "అయ్యా, ఇప్పుడు తమరు లాక్కున్నట్టా, లాగి చూసినట్టా?"

జడ్జిగారు సంచిని మెల్లగా బల్ల మీద పెట్టి, శిక్ష కొట్టేశారు.

బయట, సంచి విడిపించుకున్న టీచరమ్మ మొహమాటంగా అడిగింది. "ఆ రెండో కొస కూడా కుట్టిపెడతావా?"

అతను చెయ్యి చాపేలోపు పెళ్లాం అందుకుంది. "లోపలి సామానంతా మీరే తీసి పట్టుకోండమ్మా," అంది. ఖాళీ సంచిని రెండుసార్లు దులిపి, అప్పుడు మొగుడి చేతిలో పడేసింది.

"ఇప్పుడు కుట్టు. నేనిక్కడే నుంచుంటాను."