తోడు వచ్చిన గొంతు

ఈ ఊళ్ళో నా మొహం తెలిసినవాళ్ళు పట్టుమని పదిమంది ఉండరు. నా గొంతు తెలియనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఎన్నికలొస్తే వ్యాన్ల మీద స్పీకర్లు కట్టి వీధివీధీ తిప్పేది నా గొంతునే. దువ్వెన పార్టీకీ నేనే చెప్తాను, బకెట్టు పార్టీకీ నేనే చెప్తాను. పొద్దున ఒక వ్యాను వచ్చి "వాళ్ళు దొంగలు, నమ్మకండి" అని వెళ్తే, టీ చల్లారేలోపు ఇంకో వ్యాను వచ్చి అదే గొంతుతో "అసలు దొంగలు వాళ్ళే" అంటుంది. జనానికి ఇందులో వింతేమీ కనిపించదు. బట్టతలలకి దువ్వెన, నీళ్ళు రాని వీధులకి బకెట్టు, దొందూ దొందే.

"రెండు నాలుకల మనిషి" అంటాడు అన్నయ్య నన్ను. అననీ. తనకున్న ఒక్క నాలుకనీ తీసుకెళ్ళి బకెట్టులో వేశాడు. నేను ఎవరికి చెప్పినా, వేసేది దువ్వెనకే. ఎందుకని మాత్రం అడగొద్దు. మా ఇంట్లో ఎందుకని ఎవరూ అడగరు, ఎవరికని మాత్రమే అడుగుతారు.

మా నాన్నకి చూపు లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాక కళ్ళు పోయాయి. అన్నయ్య దగ్గరే ఉంటాడు, మా ఇంటికి రెండు వీధుల అవతల. చూపు లేనివాళ్ళకి ఓటు వేసే గదిలోకి తోడుగా ఒకరు వెళ్ళొచ్చు. వాళ్ళు చెప్పిన గుర్తు మీద ఆ తోడే బటన్ నొక్కుతారు. పోయిన ఎన్నికల్లో ఆ తోడు ఎవరన్నదాని మీద అన్నయ్యా నేనూ బడి వరండాలో, వరసలో ఉన్న జనమంతా చూస్తుండగా, నాన్న చేతులు చెరొకటి పట్టుకుని లాగాం. చివరికి అన్నయ్యే తీసుకెళ్ళాడు. బయటికి రాగానే "కన్నతండ్రి ఓటు దొంగిలించావు కదరా" అని నేనన్నాను. అన్నయ్యని 'రా' అనడం అదే మొదటిసారి. "నా గుమ్మం తొక్కకు" అన్నాడు తను. నాన్న లాగిన చేతులు రుద్దుకుంటూ మెట్లు దిగాడు.

అప్పట్నుంచి ఐదేళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు. ఫోన్ చేస్తే నాన్న మాట్లాడడు. "జన్మంతా తీగలో గొంతులు విన్నాను, ఇక చాలు. మనిషిని రమ్మను" అన్నాడట. నేనా, పంతంలో ఆయన కూతుర్నే.

ఈసారి ప్రచారం మొదలయ్యాక వదిన మా ఇంటికొచ్చింది. ఎవరైనా చూస్తారేమోనన్నట్టు తలుపు దగ్గరగా వేసి, నిలబడే చెప్పింది.

"మావయ్యగారు ఈసారి నీతోనే వెళ్తానంటున్నారమ్మా. ఓటేశాక ఇటే మీ ఇంటికొచ్చి నాలుగు రోజులుంటారట."

"అన్నయ్యో?"

"ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే కదా. ఇప్పుడే రారాదూ?"

నాకు ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, బావురుమన్నాను. ఏడుస్తుంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఈ ఏడు రెండు పార్టీలూ పథకాలు తగ్గించి తిట్లు పెంచాయి. రోజంతా పరుపుముక్కలు అంటించిన ఆ రికార్డింగు గదిలో కూర్చుని "ద్రోహులు, దోపిడీదారులు" అని అరిచి అరిచి గొంతు పగిలింది. నెలరోజులు నోరు మెదపకూడదన్నాడు డాక్టరు.

"పోలింగు రోజు పొద్దున వస్తానని చెప్పు వదినా" అన్నాను గుసగుసగా. "ఈ గొంతుతో వస్తే నాన్న కంగారుపడతాడు. అప్పటికి కాస్త తేరుకుంటుంది."

నాన్న నా చెయ్యి పట్టుకుని ఆ బడి మెట్లెక్కాలి. నాకు కావలసింది అంతే. ఈ ఏడు దువ్వెన గెలిస్తే నాకేం, మునిగితే నాకేం.

గొంతు పోయిందని ఆ రికార్డింగు గది నడిపే బాబాయికి చెప్తే పెద్దగా బెంగపడలేదు. "నీ పాత రికార్డింగులన్నీ కంప్యూటర్లో పోశానమ్మా. ఇక అదే నీలా మాట్లాడుతుంది. నువ్వు హాయిగా ఇంట్లో పడుకో" అన్నాడు. సరే, పీడా పోయిందనుకున్నాను.

మర్నాడు బట్టలు ఆరేస్తుంటే వీధి మొగలో వ్యాను వినబడింది. "నాన్నా..." అంది. తర్వాత ఒక్క క్షణం ఆగి, "మీ ఓటు దువ్వెన గుర్తుకే" అంది. చేతిలో తడిచీర అలాగే నేలమీద పడింది.

దీని సంగతి చెప్పాలి. నాకు మైకు ముందు కూర్చుంటే మాట బిగుసుకుపోతుంది. అందుకని కళ్ళు మూసుకుని, నాన్న ఎదురుగా ఉన్నాడనుకుని, ముందు మెల్లగా "నాన్నా" అంటాను. అప్పుడు గొంతు మెత్తబడుతుంది, అసలు వాక్యం చెప్తాను. మాట్లాడకుండా ఉన్న ఆ ఐదేళ్ళలో కూడా ఒక్క వాక్యం అలా పిలవకుండా చెప్పలేదు. ఆ పిలుపుని బాబాయి ప్రతిసారీ కత్తిరించేవాడు.

పరుగున వెళ్ళి అడిగితే బాబాయి తల గోక్కున్నాడు. "తొందరలో కత్తిరించనివి పోసినట్టున్నానమ్మా. నువ్వు నోరు తెరిస్తే మొదట వచ్చేది ఆ మాటేనని అది నేర్చేసుకుంది."

"తీసెయ్యి."

"తీస్తే ఊరుకుంటారా? రెండు పార్టీలవాళ్ళకీ తెగ నచ్చింది. నాన్నా అంటే చాలు, ముసలాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చేస్తున్నారట."

నిజంగానే వస్తున్నారు. నేను చూశాను. వ్యాను వెనకే నడుస్తుంటే, ఇంటింటికీ ఒక తలుపు తెరుచుకునేది. గడ్డానికి సబ్బు నురగతో ఒకాయన, అన్నం చేత్తోనే ఒకాయన, చేతికర్ర వెతుక్కోకుండా గోడ పట్టుకుని ఇంకొకాయన. ఎవరూ వ్యాను వైపు చూడరు. పక్కన ఎవరో నిలబడ్డట్టు పక్కకి తిరిగి నవ్వుతారు. మా వీధి చివరి తాతకి ఇద్దరూ కొడుకులే. "నీకు కూతుళ్ళేరి తాతా, ఎందుకొస్తున్నావు?" అని గుసగుసగా అడిగాను. "లేరమ్మా, అయినా పిలిచాక రాకపోతే ఏం బావుంటుంది?" అన్నాడు.

గబగబా ఇంటికొచ్చి కిటికీలు మూసుకున్నాను.

పోలింగుకి ముందురోజు ప్రచారం బందు. వ్యాన్లన్నిటినీ షెడ్డులో పెట్టి తాళం వేశారు. మధ్యాహ్నం వీధిలో పురుగు లేదు. అప్పుడు వినబడింది, "నాన్నా" అని. ఏ వైపునుంచో తెలియలేదు. ఒకసారి కుళాయి దగ్గరనుంచి, ఒకసారి మా గోడ పక్కనుంచి.

బాబాయి దగ్గరికి వెళ్ళేసరికి రెండు పార్టీల ఆఫీసులూ ఫోన్ చేసి తిడుతున్నాయి. నిబంధన మీరింది మీరంటే మీరని. ఆ కాస్త విషయంలోనూ వాళ్ళకి ఎదుటివాడే దొంగ. బాబాయి నాకు ప్లగ్గు పీకిన వైరు చూపించాడు.

"ఇదిగోనమ్మా, పీకేసి రెండు గంటలైంది. నా తప్పేం లేదు."

అతని మాట పూర్తికాకుండానే బయటనుంచి నా గొంతు, పగలని గొంతు, శుభ్రంగా పలికింది. "నాన్నా, పొద్దున వస్తాను."

"ఈ వాక్యం నేను రాయలేదు" అన్నాడు బాబాయి.

రాయలేదని నాకూ తెలుసు. అది నేను వదినతో అన్న మాట.

అప్పుడే వెళ్ళి నాన్న పక్కన కూర్చుని ఉండాల్సింది. బయల్దేరాను కూడా. అన్నయ్య గుమ్మం ముందు బకెట్టు జనం కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఒకడు ఏదో అన్నాడు, మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. అన్నయ్య నవ్వలేదు, వాళ్ళని ఆపనూలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క పూటే కదా, పొద్దున చూసుకుందామని వెనక్కి తిరిగాను.

తెల్లవారాక తలకి పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళాను. కుర్చీలు లేవు, జనం లేరు. తలుపు తట్టాను. అన్నయ్య తీశాడు. ఐదేళ్ళ తర్వాత అంత దగ్గరనుంచి చూడటం. చెంపలు నెరిశాయి. నన్ను చూసి, నా వెనక వీధి కేసి చూశాడు.

"నాన్నేడీ?" అన్నాడు.

"నేనడగాల్సిన మాట నువ్వడుగుతావేంటి?" గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"నీతోనే వచ్చాడు కదా. ఇందాక గేటు దగ్గర నిలబడి పిలిచావు. నాన్నా, పద, అన్నావు. నేనే గడియ తీసి పంపించాను."

"నన్ను చూశావా?"

లోపల్నుంచి వదిన వచ్చింది. పిండిచేతులతో అలాగే నిలబడిపోయింది. "నేనూ విన్నాను. అచ్చం నీ గొంతే. నీకు బాగైపోయిందనుకున్నాను" అంది.

"చూశావా లేదా?" మళ్ళీ అడిగాను.

"నీ మొహం చూడటం ఇష్టంలేక తలుపు తీసి అటు తిరిగాను" అన్నాడు అన్నయ్య. ఆ మాట అంటూనే పాలిపోయాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా తను బడి వైపు నా వెనకే పరిగెత్తాడు. దారిపొడుగునా ఇళ్ళ తలుపులు తెరిచి ఉన్నాయి. ముసలివాళ్ళు ఒక్కొక్కరే బడి వైపు నడుస్తున్నారు. పక్కన ఎవరూ లేరు. కానీ ప్రతి ఒక్కరి కుడిచెయ్యీ ఒంటికి దూరంగా, వేళ్ళు ముడుచుకుని, ఎవరో పట్టుకున్నట్టే ఉంది. గుంత వచ్చినచోట అందరూ చక్కగా పక్కకి తప్పుకుంటున్నారు. మా వీధి చివరి తాత కూడా వెళ్తున్నాడు, దేనికో తలూపుతూ. "తాతా" అని పిలిచాను. నా పిలుపు నాకే సరిగ్గా వినపడలేదు.

బడి గేటు దగ్గరికి చేరేసరికి నాన్న మెట్లు దిగుతున్నాడు. ఒక్కడే. వేలికి సిరా ఉంది. చివరి మెట్టు దగ్గర కాలు తడబడబోతే, కుడిచెయ్యి బలంగా పైకి లేచింది, ఎవరో ఊతమిచ్చినట్టు. నిలదొక్కుకుని నవ్వాడు. ఆ నవ్వు నేను చూసి ఎన్నాళ్ళయిందో.

"నాన్నా!" ఎదురెళ్ళాను.

ఆగాడు. తల కాస్త వంచి విన్నాడు. "ఎవరమ్మా?"

"నేను నాన్నా. నేను."

"పాపం, గొంతు బాగా జీరపోయిందే. వేడినీళ్ళు తాగమ్మా" అన్నాడు నాన్న, దారినపోయేవాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా. "మా అమ్మాయి ఇలాగే అరిచి అరిచి పాడుచేసుకునేది. ఇప్పుడు నయమైందిలే. కాస్త దారివ్వు, ఇంటికెళ్ళాలి మేము."

ఆయన కుడిచెయ్యి పట్టుకోబోయాను. వేళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి. నా వేళ్ళు ఇరికించడానికి సందు దొరకలేదు. ఆ పిడికిలి లోపలి వైపు వెచ్చగా ఉంది.

"నాన్నా, ఇదే చెల్లి. ఒట్టు. నా మాట నమ్ము, నీ పక్కన ఎవరూ లేరు" అన్నాడు అన్నయ్య. గొంతు బొంగురుపోవడం ఈసారి అన్నయ్య వంతు.

నాన్న మొహంలో నవ్వు పోయింది.

"నీ మాట నమ్మే ఒకసారి లోపలికెళ్ళాను. నువ్వు ఏది నొక్కావో ఈ రోజుకీ నాకు తెలీదు. అప్పుడు నీ చెల్లి తోడొచ్చి ఉంటే ఏది నొక్కేదో అదీ తెలీదు. ఐదేళ్ళు కూర్చుని ఆలోచించాను. చేతులు ఊడిపోయేలా లాగారు కదా ఇద్దరూ, నీకేది కావాలి నాన్నా అని ఒక్కరైనా అడిగారా? ఇవాళ ఇది లోపలికెళ్ళి మొదట అడిగిన మాట అదే. నేను చెప్పాను. అదే నొక్కింది."

"ఏది చెప్పావు నాన్నా?" అనేశాను. నోట్లోంచి ఊడిపడింది ఆ మాట. పక్కనే అన్నయ్య కూడా అదే అడగబోయి నోరు మూసుకున్నాడు.

నాన్న నిట్టూర్చాడు. పక్కకి తిరిగి, "చూశావామ్మా" అన్నాడు.

"పద నాన్నా" అంది నా గొంతు, ఆయన పక్కనుంచి, మెత్తగా. అన్నయ్య దిమ్మెరపోయి నా పెదాల కేసి చూశాడు. నేను రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాను.

వాళ్ళిద్దరూ మా ఇంటి వీధిలోకి తిరిగారు.